చూపుకూ తుడుపుకూ నడుమ

ఆ కార్యాలయంలో ఆయనను పేరు పెట్టి పిలిచేవారు లేరు. చిన్నవాళ్ళందరికీ ఆయన చీపురు బాబాయి. ఎదుటపడితే 'బాబాయ్' అని ఊరుకునేవారు. చాటున చీపురును కూడా చేర్చేవారు. ఆ సంగతి ఆయనకు తెలియకపోలేదు. తెలిసినదానిని తెలియనట్లుగా మోయడం వయసుతోపాటు ఆయనకు అబ్బిన విద్య.

ఊరి చుట్టుపట్ల ఉన్న చిన్నచిన్న స్కాను కేంద్రాలలో తీసిన చిత్రాలను పెద్దాసుపత్రిలోని వైద్యుల కంప్యూటర్లకు చేరవేసే ప్రోగ్రామును ఆ సంస్థ నడుపుతున్నది. పంపే భాగాన్ని కొందరు రాశారు. వచ్చినదానిని అందంగా చూపించే భాగాన్ని మరికొందరు రాశారు. మీటింగులలో చప్పట్లు వారికి దక్కేవి. ఆయన వంతుకు వచ్చింది తుడుపు. సగం వచ్చి ఆగిపోయిన ఫైళ్ళు, పంపినవారే వద్దనుకొని నడిమధ్య వదిలేసినవి, లైను తెగినప్పుడు మిగిలిన ముక్కలు, వీటినన్నింటినీ ఏరి పారవేసి సర్వరులో చోటును ఖాళీగా ఉంచే భాగమది. సభ ముగిసి జనమంతా వెళ్ళిపోయాక కుర్చీలు మడిచేవాడి పని వంటిది. సక్రమంగా జరిగితే ఎవరి కంటా పడదు. జరగకపోతే మాత్రం అందరి వేళ్ళూ అటే తిరుగుతాయి.

యాభై దాటిన ఆ మనిషికి కొంతకాలంగా అలసట పట్టుకున్నది. జబ్బు చేసిన అలసట కాదు. ఉదయం కుర్చీలో కూర్చోగానే సాయంత్రమైనట్లు అనిపించేది. పనిమీద విసుగు లేదు, మనుషులమీద కోపం లేదు. కాకపోతే ఏ పనికీ చేయి చురుకుగా లేచేది కాదు. ఇంట్లో భార్య, "మీరు నడుస్తుంటే కుర్చీని ఈడ్చుకుపోతున్నట్టుంది" అనేది. ఆయన కాదనేవాడు కాదు.

అటువంటి ఒక మధ్యాహ్నవేళ బల్లమీది ఫోను మోగింది.

"హలో, అక్కడ చీపురు బాబాయిగారు ఉన్నారాండీ?" అన్నది ఒక స్త్రీ కంఠం.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేనేనమ్మా."

"అయ్యయ్యో, ఏమనుకోకండి సార్! ఇందాక ఫోనెత్తినాయన ఆ పేరే చెప్పారు."

"ఏం ఫరవాలేదు. విషయం చెప్పండి."

ఆమె ఊరి చివర ఉన్న ఒక స్కాను కేంద్రంలో యంత్రాన్ని నడిపే మనిషి. చిత్రాలు తీయడమూ ఆమె పనే, ఆసుపత్రికి పంపడమూ ఆమె పనే. పంపిన చిత్రాలు అప్పుడప్పుడు మాయమైపోతున్నాయని ఆమె మొర.

"నేను పంపాను సార్. 'చేరింది' అని పచ్చగా వచ్చింది, నా రెండు కళ్ళతో చూశాను. తీరా డాక్టరుగారు చూస్తే అక్కడ లేదంట. చేరిందన్నాక మా దగ్గర కాపీ మిగలదు. నిన్న పోయింది ఓ ముసలాయనది. నడుం విరిగిన మనిషి, బల్ల మీదికి చేర్చేసరికి మా అందరి ప్రాణాలూ పోయాయి. మళ్ళీ వచ్చి పడుకోమని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

"మీ కేంద్రం యజమాని ఏమంటున్నారు?"

"పంపడం మర్చిపోయి పంపానని బొంకుతున్నానంటున్నారు. ఈ వారం లోపల కారణం తేలకపోతే ఇంకో మనిషిని చూసుకుంటారంట. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే సార్."

ఆయన సరేనని ఫోను పెట్టేశాడు. సరే అనడం సులువు. ఆ ప్రోగ్రాములో ఫైలు ఉంటే వచ్చినట్లు, లేకుంటే రానట్లు. అంతకు మించిన దాఖలా లేదు. తుడిచేసినదానికి గుర్తు మిగిల్చే ఏర్పాటు మొదటినుంచీ లేదు. చెత్త ఎటు పోయిందో ఎవరికి కావాలి?

పెద్దసారు గదికి వెళ్ళి సంగతి విన్నవించాడు. పెద్దసారు ఆ విభాగానికి అధిపతి. తుడుపు భాగాన్ని చాలా ఏళ్ళ క్రితం స్వహస్తాలతో రాసింది ఆయనే. ఇప్పుడు తన చేతితో ఏమీ రాయకపోయినా, రాసినవారికి సలహా చెప్పే అధికారాన్ని మాత్రం వదులుకోలేదు.

"ఆమె పంపి ఉండదయ్యా. సరే, నీకంత అనుమానంగా ఉంటే ఇంకాస్త ఆగమని రాసెయ్, పోతుంది" అన్నాడు.

ఆ కార్యాలయంలో అన్ని రోగాలకూ మందు అదొక్కటే. ఒకప్పుడు ఫైలును తుడిచిన తరువాత కూడా దారిలో ఉన్న ముక్కలు ఒకటో రెండో వచ్చి పడేవి. తుడిచేముందు కాస్త ఆగితే అవీ వచ్చేస్తాయి గనుక, కొన్ని క్షణాలు ఆగమని పెద్దసారు ఒక వాక్యం రాశాడు. మళ్ళీ ఎక్కడో ముక్క మిగిలితే ఇంకొకరు మరికొంత ఆగమన్నారు. వచ్చినవారు వచ్చినట్టుగా తలా ఒక ఆగడం తగిలించి వెళ్ళారు. చీపురు బాబాయి చేతికి వచ్చేనాటికి ఆ భాగం నడిచేదానికంటె నిలబడేదే ఎక్కువ. ఇప్పుడు మరొకటి తగిలించడానికి ఆయనకు మనసొప్పలేదు.

రెండురోజులు దానిని పట్టుకొని కూర్చున్నాడు. ఫైలు పంపాడు, నడుమ ఆపాడు, తుడుపు జరిగి చోటు శుభ్రమైందో లేదో తెరిచి చూశాడు, శుభ్రంగా ఉన్నదని నమ్మకం కుదిరాక మళ్ళీ అదే ఫైలును పంపాడు. చేరింది. వైద్యుల తెరమీద కనిపించింది. ఎన్నిమార్లు చేసినా అదే వరస. ఒక్కటీ మాయం కాలేదు. పట్టుకుందామని కళ్ళలో వత్తులు వేసుకొని కూర్చుంటే దొంగ ఆ వీధికే రానట్లయింది.

"ఏం బాబాయ్, దెయ్యం దొరికిందా?" అని పక్కబల్ల కుర్రవాడు హాస్యమాడాడు.

"దొరికితే నీ కుర్చీ ఇప్పిస్తాలే" అన్నాడాయన, తల తిప్పకుండానే.

మూడవనాడు కార్యాలయానికి పోక, ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకొని, బస్సెక్కి ఆ స్కాను కేంద్రానికే వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో అడిగితే గట్టి కారణం చెప్పలేకపోయేవాడు. తన బల్లవద్ద చేయవలసినవన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది ఆమె బల్ల.

అదొక ఇరుకు గది. యంత్రమున్న లోపలి గదికీ దీనికీ మధ్య మందపాటి అద్దం. బల్లపైన పాత కంప్యూటరు, దాని నెత్తిన నీళ్ళసీసా, గోడకు ప్లాస్టిక్ గడియారం. బయట బెంచీమీద రోగులు ఒకరి భుజం ఒకరికి తగిలేలా కూర్చొని ఉన్నారు. ఆమె వయసు నలభై లోపే. ముఖం మాత్రం వయసుకంటె ముందుగా నడిచిపోయింది. ఆయనను చూసి లేవబోయింది.

"కూర్చోండమ్మా. నేనున్నానని మర్చిపోయి మీ పని మీరు చేసుకోండి."

"మర్చిపోవడమెలా సార్, ఉన్నదే ఒక్క కుర్చీ, అది మీకిచ్చాను" అంటూ స్టూలు లాక్కుని నవ్వింది.

ఆమె పనితనం చూడముచ్చటగా ఉన్నది. రోగిని పడుకోబెట్టి, అద్దం ఇవతలికి వచ్చి, చిత్రం తీసి, అతడు లేచి చొక్కా గుండీలు పెట్టుకొనేలోగా దానిని పంపడం మొదలుపెట్టేది. అక్కడి ఇంటర్నెట్ లైను మహా మొండిది. సగం దాకా పరుగెత్తి, అక్కడ కాలు నాటుకొని నిలబడేది. మిగిలిన కేంద్రాలలో అయితే ఆ సమయానికి టీకి లేచిపోతారు. ఈమె లేవదు. తెరమీద, ఎంత పోయిందో చూపే గీత కదలడం మానగానే క్యాన్సిల్ నొక్కి, చేయి తీయకుండా మళ్ళీ పంపు అని నొక్కేది. రెండు నొక్కుళ్ళకూ నడుమ రెప్పపాటు కూడా ఉండదు. రెండోసారి లైను బుద్ధిగా పరుగెత్తి ఫైలును చేర్చేసేది.

ఆయన వెన్ను నిటారయింది.

"అమ్మా, మీరెప్పుడూ ఇంతేనా? ఆపిన వెంటనే పంపేస్తారా?"

"మరి బయట అంతమంది కూర్చుంటే ఊరికే చూస్తూ ఉండనా సార్? ఏం, తప్పా?"

"తప్పు కాదు. ఇదిగో, పరీక్షకు ఈ పనికిరాని ఫైలును అలాగే పంపండి. మీ వేగంతోనే."

ఆయన సర్వరులోని ఆ చోటును తన ఒడిలోని తెరమీద తెరిచిపెట్టుకున్నాడు. ఆమె ఆపింది, వెంటనే పంపింది. ఆమె తెరమీద 'చేరింది' అని పచ్చని మాట వెలిగింది. ఆయన తెరమీద ఫైలు పేరు కనిపించింది. ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. కొంతసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే, ఆ పేరు తెరమీదినుంచి లేచిపోయింది.

ఆమె సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె నీళ్ళసీసా చేతిలోకి తీసుకొని, తాగకుండానే మళ్ళీ పెట్టేసింది.

"అంటే నాకు పిచ్చి పట్టలేదన్నమాట" అన్నది మెల్లగా. "ఈమధ్య రాత్రి పడుకున్నాక నిజంగానే పంపానా అని నాకే అనుమానమొచ్చేది సార్."

తిరుగు బస్సులో ఆయనకు అంతా విడివడి కనిపించింది. ఆమె ఆపగానే తుడుపుకు కబురు అందుతుంది. తుడుపు వచ్చి ఆ రోగి నంబరుమీద ఉన్న ఫైలును చూస్తుంది: అవును, ఆపివేసినదే, తీసివేయవలసినదే. చూసిన తరువాత, ఏళ్ళ తరబడి అందరూ తగిలించిన ఆగళ్ళన్నీ ఆగుతుంది. ఆ లోపున ఆమె పంపిన కొత్త ఫైలు అదే నంబరుతో వచ్చి, క్షేమంగా చేరి, పాతదాని స్థానంలో కూర్చుంటుంది. తుడుపు ఆగడం ముగించి, మళ్ళీ కన్నెత్తి చూడకుండా, ఆ నంబరుమీద ఉన్నదానిని ఊడ్చిపారేస్తుంది. చూసింది పాతదానిని, తుడిచింది కొత్తదానిని. ఆగమని రాసిన ప్రతి మందూ ఆ సందును మరికాస్త వెడల్పు చేసింది. నిదానంగా పనిచేసేవారి ఫైళ్ళు బతికాయి. చేయి చురుకైన మనిషివే పోయాయి. తాను రెండురోజులు కూర్చొన్నా ఎందుకు దొరకలేదో కూడా బోధపడింది: ఊడ్చేవాడు గనుక, నేల శుభ్రంగా ఉన్నదని చూసుకోనిదే ఆయన రెండో అడుగు వేయలేదు.

సంతోషించవలసిన ఘట్టమే. కాని సంతోషం కూడా ఒక పనిలాగే తోచి, కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఇంటికి చేరాక భార్య కాఫీ ఇచ్చింది. తాగి కప్పు వంటగట్టుమీద పెట్టాడు. సగం ప్రాణం కూడా కుదుటపడలేదనిపించి, గిన్నెలో మిగిలిన కాఫీని అదే కప్పులో వంచుకున్నాడు. ఇంతలో ముందుగదిలో ఫోను మోగితే వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కప్పు కడిగి బోర్లించి ఉన్నది.

"నా కాఫీ ఏది?"

"తాగేశారుగా?"

"మళ్ళీ పోసుకున్నాను!"

"నేను చూసినప్పుడు ఖాళీయే. సబ్బు అయిపోతే పెరట్లోంచి కొత్తది తెచ్చి కడిగేశాను. కడగడానికి పెట్టిన కప్పులో ఎవరైనా మళ్ళీ పోసుకుంటారా? చేసిందంతా చేసి నామీద పడతారేం?"

ఆయనకు నవ్వు వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు; గట్టు పట్టుకొని నిలబడవలసి వచ్చింది. భార్య వింతగా చూసి, "కాఫీ పోతే నవ్వే మనిషిని మిమ్మల్నే చూశాను" అని గిన్నెల పనిలో పడింది.

మరునాడు పెద్దసారుకు ఆ కప్పు కథతోనే విషయం విప్పి చెప్పాడు. పెద్దసారు ఆసక్తిగా విన్నాడు.

"మీ ఆవిడ ఏమంది?"

"తప్పు నాదేనంది సార్. కడగడానికి పెట్టినదాంట్లో ఎందుకు పోసుకున్నారంది."

"సరిగ్గానే అంది!"

"ఆ స్కాను గదిలో ఆమెను మనమూ అదే అంటున్నాం సార్."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది మాట వెదుక్కునేటప్పటి అలవాటు. "సరే, సరిచెయ్. కానీ ఆ ఆగళ్ళన్నీ పీకేస్తానంటే మాత్రం నాకు భయమే. అవి ఏళ్ళుగా ఉన్నాయి. ఏది దేన్ని మోస్తోందో ఎవడికి తెలుసు?"

"నాకు తెలుసు సార్. ఏదీ దేన్నీ మోయడం లేదు."

ఆయన అంత సూటిగా మాట్లాడడం పెద్దసారు ఎరుగడు. ఎరుగనందువల్లనే కాబోలు, తల ఊపాడు.

ఇక్కడొక పొరపాటు జరిగింది. పని పూర్తయ్యేదాకా చిత్రాలు పోకుండా ఉండాలని, పెద్దసారు మంచి ఉద్దేశంతోనే ఆ కేంద్రం యజమానికి ఫోను చేశాడు: "మీ ఆమెను ఆపిన వెంటనే పంపవద్దని చెప్పండి. కాస్త ఆగి పంపమనండి." అంతే చెప్పాడు, అంతకుమించి చెబితే సంస్థకు మాట వస్తుందని అక్కడితో మింగేశాడు. యజమానికి అందులో వినిపించింది వేరు. సాయంత్రం ఆమె చీపురు బాబాయికి ఫోను చేసింది.

"సార్, నిన్న మీరు తప్పు కాదన్నారు."

"కాదమ్మా. ఇప్పటికీ కాదు."

"మరి నా తొందరపాటు వల్లే పోతున్నాయని మీ ఆఫీసువాళ్ళే ఒప్పుకున్నారంట. బొంకు పోయి ఇప్పుడు తొందరపాటొచ్చింది. ఏదో ఒకటి నా నెత్తిన ఉండాల్సిందేనా? రేపటితో వేరే పని చూసుకోమన్నారు సార్."

ఆయన ఫోను పెట్టేశాడు. లేచి పెద్దసారుతో పోట్లాడవచ్చు. పోట్లాటకు కావలసిన ఓపిక ఆయన ఒంట్లో వెదికినా దొరికే స్థితిలో లేదు. ఉన్న కాస్త ఓపికనూ పనికి పెట్టాడు.

చేసిన మార్పు చెప్పుకోవడానికి చిన్నది. ఇకనుంచి వచ్చే ప్రతి ఫైలుకూ, రోగి నంబరు ఏదైనా, దానికంటూ వేరే ఒక అర. ఆ అరకు మరి దేనికీ ఇవ్వని ఒక గుర్తు. ఆపివేసిన ఫైలును తుడవవలసి వస్తే తుడుపు చేతికి రోగి నంబరు ఇవ్వరు. ఆ అర గుర్తునే ఇస్తారు. అది ఆ అర తప్ప పక్కదానిని ముట్టలేదు. పూర్తిగా చేరిన ఫైలు మాత్రమే, ఒక్క ఊపులో, రోగి నంబరు కిందికి మారుతుంది. సగం మారడమన్నది ఉండదు. ఆలస్యంగా వచ్చే ముక్క తన అర లేకపోవడం చూసి అక్కడే రాలిపోతుంది గనుక, ఎవరూ ఎవరికోసమూ ఆగనక్కరలేదు. తుడిచిన ప్రతిదానికీ ఒక గుర్తు మిగిలేలా కూడా రాశాడు. ఆ తరువాత ఆగమన్న వాక్యాలను ఒక్కొక్కటిగా తీసివేశాడు. ఒకదాని పక్కన, ఎప్పుడో వెళ్ళిపోయిన ఉద్యోగి ఎవరో, 'ఇది ఎందుకో తెలియదు, తీయకండి' అని రాసిపెట్టాడు. దానినీ తీశాడు.

ఈసారి పరీక్షించేటప్పుడు శుభ్రత చూసుకోలేదు. ఆమెలా పనిచేశాడు: ఆపడం, పంపడం, ఆపడం, పంపడం. వేళ్ళు నొప్పిపెట్టేదాకా చేశాడు. పక్కబల్ల కుర్రవాడు, "బాబాయ్, కీబోర్డుమీద పగా?" అన్నాడు. ఒక్క ఫైలూ పోలేదు.

మరునాడు ఉదయం మార్పు అమలులోకి వచ్చింది. పెద్దసారు అన్ని కేంద్రాలకూ పంపబోయే కబురును ఆయనకు చూపించాడు. అందులో 'సేవలను మరింత మెరుగుపరిచాము' అని ఉన్నది.

"ఇందులో ఆమె సంగతి లేదు సార్."

"మన తప్పని రాతలో ఒప్పుకుంటే ఆసుపత్రివాళ్ళు ఊరుకుంటారా? నీకంతగా ఉంటే నువ్వు వెళ్ళి నోటితో చెప్పు. నేను అడ్డు రాను."

అదే ఆయనకు దొరికిన న్యాయం. దానిని భుజాన వేసుకొని మళ్ళీ బస్సెక్కాడు.

యజమాని బల్ల వెనుక కూర్చొని ఫోనులో ఎవరితోనో బేరమాడుతున్నాడు. ముగిసేదాకా నిలబడి, చెప్పవలసినది నలుగురి చెవిన పడేటంత స్పష్టంగా చెప్పాడు. "ఆమె పంపినవన్నీ చేరాయండి. చేరినవాటిని మా ప్రోగ్రామే తుడిచేసింది. ఆమె తొందరా కారణం కాదు, మరపూ కారణం కాదు. తప్పు మాది. దాన్ని చూసుకోవాల్సినవాణ్ణి నేను."

యజమాని ఆయనను ఎగాదిగా చూశాడు. "ఇప్పుడు సరైపోయిందా?"

"అయింది."

"పోనీలెండి మరి. నేనూ కొత్తమనిషికి మాటివ్వలేదింకా. ఉండనివ్వండి" అని మళ్ళీ ఫోను అందుకున్నాడు.

అంతే. ఒక మనిషి ఉద్యోగం నిలబడడానికి పట్టిన మాటలు అవే. అయ్యో అన్న మాట అందులో లేదు. తలుపు దగ్గర నిలబడి విన్న ఆమె కూడా దానికి ఎదురుచూసినట్లు లేదు.

లోపలి గదిలో ఆయనకు మళ్ళీ అదే కుర్చీ ఇచ్చింది. పని సాగుతున్నది. ఆమె ఇప్పుడు 'చేరింది' అన్న మాట వెలగగానే సెల్‌ఫోనుతో తెరను ఫొటో తీసుకుంటున్నది.

"ఇక అవసరం లేదమ్మా."

"ఉండనివ్వండి సార్. ఇవాళ మీరు వచ్చి చెప్పారు. ఎప్పుడూ మీరే వచ్చి చెబుతారా?"

ఇంతలో లైను తన పాత బుద్ధి చూపించింది. గీత సగంలో నిలిచిపోయింది. ఆమె క్యాన్సిల్ నొక్కింది. నొక్కి, చేతిని మౌసుమీదినుంచి తీసి ఒడిలో పెట్టుకొని, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నది.

"ఆగనక్కర్లేదు, వెంటనే పంపొచ్చు" అన్నాడాయన.

"తెలుసు సార్, మీరు చెప్పారుగా." చేయి మాత్రం లేవలేదు. "చేయి వినడం లేదు. కొన్నాళ్ళు పడుతుంది."

అద్దానికి ఆవల రోగి చొక్కా గుండీలు పెట్టుకోవడం ముగించి నిలబడి ఉన్నాడు. బయట బెంచీమీద ఎవరో దగ్గారు. ఆమె చేతినుంచి ఆ ఆగడాన్ని తీసివేసే ఉపాయం ఆయన ఎరిగిన విద్యలో లేదు. సంచీ ఒళ్ళో పెట్టుకొని, ఆమె చూస్తున్న గడియారాన్నే తానూ చూస్తూ, ఆ చేయి తనంతట తాను లేచేదాకా ఆయన కూర్చున్నాడు.